పన్ను – ప్రశ్న : బాలబాలికలకు పౌరధర్మ పాఠము

"ప్రభుత్వము ఎక్కడ ఉన్నది?" అని మాచవరములో చదువుకొను బాలుని అడిగినచో, "ఢిల్లీలో" అనియో, "ముఖ్యమంత్రిగారి యొద్ద" అనియో బదులు చెప్పును. ఆ సమాధానము తప్పు కాదు గాని, సగము మాత్రమే. ఇంటిముందరి వీధిదీపము, ఉదయమున నీరు వచ్చు కుళాయి, మురుగుకాలువ, బడి - ఇవి యన్నియు ప్రభుత్వము యొక్క చేతులే. చేతులు ఇంత దగ్గర ఉండగా, ప్రభుత్వము దూరమున ఉన్నదనుకొనుట పొరపాటు.

ప్రభుత్వమునకు మెట్లు కలవు. మొదటి మెట్టు గ్రామపంచాయతి. దానికి సర్పంచిని, వార్డు సభ్యులను గ్రామస్థులే ఎన్నుకొందురు. రెండవది మండల పరిషత్తు, మూడవది జిల్లా పరిషత్తు. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు గుంటూరు జిల్లాలో ఉండిన మాచవరము మండలము, ఆనాడు ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. ఈ మండలపు ఓటర్లు శాసనసభకు గురజాల నియోజకవర్గము నుండియు, లోక్‌సభకు నరసరావుపేట నియోజకవర్గము నుండియు ప్రతినిధులను పంపుదురు. పదునెనిమిది సంవత్సరములు నిండిన ప్రతి పౌరునకు, పేద ధనిక భేదము లేక, ఒక్కటే ఓటు.

ఇక ఈ పనులన్నిటికిని ధనము ఎక్కడిది? ప్రజలదే. ఇంటి యజమాని ఇంటిపన్ను చెల్లించును. కాలువ క్రింద వరి పండించు రైతు నీటితీరువా చెల్లించును. అంగడిలో సబ్బుబిళ్ళ కొనిన కూలివాడు సైతము పన్ను చెల్లించుచున్నాడు. 2017 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన వస్తుసేవల పన్ను ఆ సబ్బు వెలలోనే ఇమిడి యున్నది. కావున "మేము పన్ను కట్టువారము కాము" అని చెప్పదగినవారు గ్రామమున ఒక్కరును లేరు.

పన్ను చెల్లించుటకును, మాట చెప్పుటకును గల సంబంధమును పల్నాటివారు పుస్తకము చూచి నేర్చుకొనలేదు. ఆంగ్లేయుల పాలనలో అడవులు అటవీశాఖ వశమైనవి. పశువులను అడవికి తోలుకొనిపోవు రైతులపై పుల్లరి యను పన్ను విధింపబడెను. ఆ పన్ను వేయుటకు ముందు పశువుల కాపరిని అడిగినవారు లేరు. అడుగుటకు అతనికి ఓటు లేదు. ఆనాడు ఓటుహక్కు ఆస్తిగల కొందరికే ఉండెను. 1921లో సహాయనిరాకరణోద్యమము దేశమంతట వ్యాపించినపుడు, పల్నాటి గ్రామములు పుల్లరి కట్టుటకు నిరాకరించెను. మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు ఆ సత్యాగ్రహమునకు ముందు నిలిచి, 1922 ఫిబ్రవరి 22న పోలీసు తుపాకి గుండ్లకు ప్రాణము లర్పించెను.

హనుమంతు పన్ను అనుదానినే ద్వేషించెననుకొనరాదు. మాట లేని చోట పన్ను దండుగ యగును. మాట ఉన్న చోట అదే పన్ను ధర్మమగును. భేదము ఇంతయే. ఆ భేదము కొరకే ఆయన మరణించెను.

1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చి ఆ మాటను ప్రజలకు ఇచ్చెను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలై, ఆ మాటను ఊరి నడుమకు తెచ్చెను. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామములోని ఓటర్లందరును గ్రామసభ సభ్యులే. ఆ సభ ఏటా కనీసము రెండు పర్యాయములు కూడవలెను. గడచిన సంవత్సరపు జమాఖర్చులు, చేయదలచిన పనుల పట్టిక, కొత్త పన్నుల ప్రతిపాదనలు సభ ముందు ఉంచవలెను. పుల్లరినాడు పశువుల కాపరికి లేని అవకాశము ఇదియే.

పన్నుధనముతో ఏమి కాగలదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు పునాదిరాయి వేసెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. కుడికాలువ నీటితో పల్నాటి మెట్టభూములు ఎన్నియో మాగాణులైనవి. ఏ ధనికుడును ఒక్కడుగా కట్టలేనిది కోట్లమంది చిల్లర కలిసి కట్టెను.

వీరశైవ కుటుంబములకు ఈ పాఠము కొత్తది కాదు. బసవేశ్వరుడు కల్యాణ నగరమున బిజ్జలుని భండారి; అనగా రాజ్యపు ధనాగారమును కాచినవాడు. ఆయన ధనమును జంగములకు వ్యయము చేయుచున్నాడని గిట్టనివారు రాజుతో చెప్పగా, బసవన్న కోపింపక భండారమును తెరచి లెక్క చూపెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. దానిని మహిమగా మాత్రమే వినువారు కలరు; అందులో నీతి యొకటి కూడ కలదు. భండారి ఎంత పుణ్యాత్ముడైనను, లెక్క అడుగుట తప్పు కాదు, లెక్క చూపుట అవమానము కాదు. అనుభవ మంటపమున మడివాళ మాచయ్య వంటి శ్రమజీవులు, అక్కమహాదేవి వంటి స్త్రీలు సమముగా కూర్చుండి ప్రశ్నించిరి. కాయకము చేత ఆర్జించి, దాసోహముగా పంచుకొనుము అనుటలో, పంచుకొనువాడు దాతగా గర్వింపరాదనియు, పొందువాడు బిచ్చగానివలె వంగరాదనియు భావము. ప్రభుత్వపు పథకమును పొందు పౌరుడును అట్లే నిలువవలెను. అది ఎవరి దయయు కాదు, అందరి సొత్తులో అతని భాగము.

అయితే నేడు గ్రామసభ దండోరా వినబడినపుడు ఎందరు వెళ్ళుచున్నారు? "ఎవరో చూచుకొందురు" అని గడపలోనే ఆగిపోవువారే పలుచోట్ల ఎక్కువ. ప్రజలు రాని సభలో నలుగురి సంతకములు ఊరందరి తీర్మానమగును. చదువని లెక్క సరియైనదో కాదో తెలియదు. ఆపైన కుళాయి రాలేదని రచ్చబండ మీద నిందించుట సులభమే గాని, దాని వలన నీరు రాదు. పన్ను నిలిచి, మాట పోయినచో, పుల్లరి పేరు మారి తిరిగి వచ్చినట్లే.

కావున తల్లిదండ్రులు తదుపరి గ్రామసభకు తాము పోవుటయే గాక, బడిపిల్లలను కూడ వెంట తీసికొని పోవలెను. వారికి ఓటు లేకున్నను చెవులు కలవు. తండ్రి లేచి వినయముతో ఒక్క ప్రశ్న అడుగుట చూచిన బిడ్డకు, పౌరధర్మము పుస్తకములోని అధ్యాయము కాదు, ఇంటి ఆచారమగును.

అభ్యాసము

1. మీ ఇంటిపన్ను రసీదును పెద్దలనడిగి చూడుడు. అందు ఎంత సొమ్ము, ఏ సంవత్సరమునకు అని వ్రాసియున్నది?
2. పుల్లరికిని, నేటి ఇంటిపన్నునకును గల భేదమేమి?
3. గ్రామసభ ముందు ఉంచవలసిన విషయములలో మూడింటిని పేర్కొనుడు.
4. బసవేశ్వరుడు భండారమును తెరచి చూపుట వలన అధికారులు నేర్చుకొనదగినదేమి? ప్రజలు నేర్చుకొనదగినదేమి?