లోప మెచ్చట నున్నది?

సంధ్యాసమయ మయ్యెను. కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు పంపుటకు ఆ దినమే గడువు. అర్ధరాత్రి దాటినచో ఆ బాలికకు ఒక సంవత్సరము వ్యర్థమగును. ధ్రువపత్రముల ప్రతులన్నియు లాప్‌టాప్‌లోనే యున్నవి. కాని దానిలో ఇంటర్నెట్టు రాలేదు. బాలిక కన్నుల నీరు నిండెను.

"దీనిలోని దంతయు తుడిచివేసి మొదటినుండి సిద్ధపఱచుదము" అని అన్న తొందరపడెను.

పడకకుర్చీలోని తాతగారు ఈ మాటలు వినిరి. ఆయన పూర్వము టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా పనిచేసినవారు. లాప్‌టాప్ సంగతు లాయన యెఱుగరు. తెగిన తీగను వెదకు పద్ధతి మాత్రము బాగుగా నెఱుగుదురు.

"ఏడువకుము, తల్లీ! టెలిఫోను మూగవోయినచో మేము ఊరి తీగలన్నియు ఊడదీసెడివారము కాము. ఇంటినుండి ఒక్కొక్క స్తంభమే పరీక్షించుచు పోయెడివారము. పలుకు అందిన చోటికిని అందని చోటికిని నడుమనే లోప ముండును. నీ యంత్రమున అట్టి పరీక్ష గలదా?"

"కలదు తాతయ్యా! దానిని పింగ్ అందురు. చిన్న సందేశము పంపి, బదులు వచ్చునో రాదో చూతురు."

తల్లి ఫోను అదే వైఫైతో చక్కగా పనిచేయుచుండెను. కావున బయటి తీగయు, రౌటరును నిర్దోషములు; లోపము లాప్‌టాప్‌నందే యున్నది. బాలిక ఐ.పి. చిరునామా చూచెను. అది 169.254తో మొదలైనచో, రౌటరు చిరునామా నొసగలేదనియు, యంత్రము తానే యొకటి కల్పించుకొన్నదనియు అర్థము. కాని యిచట 192.168.1.5 అని సరిగానే యుండెను. రౌటరు సంఖ్యయైన 192.168.1.1 నుండి బదులు వచ్చెను. గూగుల్ సంస్థ నడుపు 8.8.8.8 అను సర్వరునుండియు బదులు వచ్చెను. కళాశాల వెబ్‌సైటు పేరు వ్రాయగా మాత్రము, అట్టిది కానరాలేదని తెరపై కనబడెను.

"సంఖ్యకు దారి యున్నది, పేరునకు లేదు!" అని బాలిక ఆశ్చర్యపడెను.

"పేరు చెప్పిన సంఖ్య తెలుపుటకు మా కాలమున డైరెక్టరీ యుండెడిది. మీ కట్టిది లేదా?" అనిరి తాతగారు.

బాలిక ముఖము వికసించెను. ఇంటర్నెట్టునకును అట్టి డైరెక్టరీ కలదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఆ యేర్పాటునకు డి.ఎన్.ఎస్. అని పేరు. ఆమె సెట్టింగులు తెఱచి చూడగా, డి.ఎన్.ఎస్. గడిలో చేతితో వ్రాసిన సంఖ్య యుండెను. అందొక అంకె తప్పు.

అన్న తలవంచుకొనెను. "వేగము పెరుగునని నిన్న రాత్రి నేనే మార్చితిని" అనెను.

బాలిక ఆ సంఖ్యను చెఱపి, ఆటోమేటిక్ అనుదాని నెంచుకొనెను. వెంటనే పుట తెఱచుకొనెను. తొమ్మిది గంటలకు దరఖాస్తు చేరినట్లు రసీదు వచ్చెను. అన్న మాట వినియుండినచో ధ్రువపత్రముల ప్రతులన్నియు నశించి యుండెడివి. అంకె తప్పని మాత్ర మెవరికిని తెలియకయే పోయెడిది.

తాతగారు మనుమని చేరబిలిచి యిట్లనిరి: "నాయనా, మార్చుట తప్పు కాదు. మార్చినదానిని వ్రాసియుంచుకొనకపోవుట తప్పు. దగ్గఱనుండి దూరమునకు పొమ్ము. ఒకమారు ఒక్కదానినే పరీక్షింపుము. అట్లు వెదకినవానికి లోపము తప్పక చిక్కును."