జాతికోళ్ల పెంపకమును ప్రదర్శనమును గూర్చి రైతులకు సూచనలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములయందు కోడి లేని రైతు ఇల్లు అరుదు. వేకువను లేపుటకు పుంజు, బిడ్డలకు గ్రుడ్లిచ్చుటకు పెట్ట, చుట్టము వచ్చినపుడు కూరకు పిల్ల, ఇట్లు కోడి మన సంసారములో నొక భాగమైయున్నది. అయినను దాని వంశమేది, తండ్రి యెవరు, తల్లి యేపాటిది యని విచారించు రైతు నూటికొక్కడు కూడ కానరాడు. ఎద్దును కొనునపుడు సుళ్లను, పండ్లను, నడకను పరిశీలించు మనము కోడిని మాత్రము దైవాధీనముగా విడిచిపెట్టుచున్నాము. కోళ్లను జాతి చెడకుండ పెంచి, పదిమందిలో ప్రదర్శించుటయనునది బాల్యము మొదలు వార్ధక్యము వఱకు మనుష్యునికి తోడుగా నుండదగిన వ్యాసంగమని రైతులకు తెలుపుటయే యీ కరపత్రముయొక్క ఉద్దేశము.

1. మన జాతి

తెలుగుదేశపు కోళ్లలో పేరుగన్నది అసీలు జాతి. ఈ పదము అరబ్బీ భాషనుండి వచ్చినది. శుద్ధమైన వంశము గలది యని దాని అర్థము. నిటారైన నిలువు, పొడవైన మెడ, విశాలమైన ఱొమ్ము, బలమైన కాళ్లు, శరీరమున కంటుకొనియుండు గట్టి యీకలు, బఠాణిగింజలు మూడు వరుసలుగా పేర్చినట్లుండు చిన్న శిఖ దీని లక్షణములు. ఈకల రంగునుబట్టి డేగ, కాకి, సేతువ, నెమలి, పర్ల, మైల మొదలగు పేర్లతో మనవారు పిలుచుచుందురు. ఈ పెట్ట గ్రుడ్లు తక్కువగా పెట్టును గాని, పొదుగుటయందును పిల్లలను కాచుటయందును దానికి సాటి లేదు.

ఈ జాతి విలువను మనకంటె ముందుగా పరదేశీయులు గ్రహించిరి. 19వ శతాబ్దమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో మన అసీలు రక్తము కలిపి యొక క్రొత్త జాతిని పుట్టించిరి. అదియే కార్నిష్ అని ప్రసిద్ధి చెందినది. నేడు లోకమంతట మాంసమునకై పెంచబడు బ్రాయిలరు కోడికి తండ్రివైపు మూలము కార్నిష్ జాతియే. మన పెరటి పుంజు సంతతి ప్రపంచమునకు తిండి పెట్టుచుండగా, మన పెరటిలోనే ఆ జాతి సంకరమై చెడిపోవుట విచారకరము.

పుంగనూరు ఆవు సంగతి ఈ ప్రాంతపువారికి చెప్పనక్కఱలేదు. పొట్టిదై, తక్కువ మేతతో బ్రదుకు ఆ జాతి, విచక్షణ లేని సంకరమువలన క్షీణించి, తుదకు పలమనేరు పశు పరిశోధన స్థానమున ప్రత్యేకముగా కాపాడవలసివచ్చెను. కోడికి ఆ గతి పట్టకముందే మేల్కొనుట మంచిది.

2. బరి కాదు, బోను

జాతికోడి యనగానే పందెము జ్ఞప్తికి వచ్చుట సహజము. పల్నాటి యుద్ధ కథలోను, క్రీడాభిరామములోను కోడిపందెముల ప్రసక్తి కలదు. అయితే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టమును పందెములను నేరముగా నిర్ణయించినవి. చట్టము మాట యటుండగా, కత్తి కట్టిన పందెములో ఓడినది చచ్చును, గెలిచినదియు తఱచుగా బ్రదుకదు. మూడేండ్లు శ్రమపడి పెంచిన ఉత్తమ బీజము నిమిషములో మట్టిపాలగును. జాతిని ప్రేమించువాడు దానిని బరిలో దింపడు.

ఇంగ్లండులోను ఇట్లే జరిగినది. 1835లో అక్కడ కోడిపందెములను చట్టముచేత నిషేధించిరి. పెంపకము నెఱిగిన జనులు ఊరకుండక, పుంజులను బరినుండి బోనులోనికి మార్చి, అందమును లక్షణమును పోటీకి పెట్టిరి. 1845లో లండను జంతుశాలలో కోళ్ల ప్రదర్శనము జరిగెను. 1865లో ఏ జాతికి ఏ లక్షణము లుండవలెనో తెలుపు ప్రమాణగ్రంథము వెలువడెను. అమెరికావారు 1874లో అట్టి గ్రంథమునే ప్రకటించిరి. మన పొరుగున తమిళనాట చిలుకముక్కు, పొడవైన తోక గల పుంజుల ప్రదర్శనములు జరుగుచున్నవి. కుప్పము రైతులకు ఆ సరిహద్దు దూరము కాదు. ఒకసారి పోయి చూచినచో, రక్తము చిందకుండ పౌరుషమును ప్రకటించు మార్గము గలదని తెలియును.

3. పుంజును పెట్టను ఎన్నుకొనుట

పుంజు రంగును చూచి మోసపోరాదు. ముందుగా కన్ను చూడవలెను. తేటగా, చుఱుకుగా నుండవలెను. కాళ్లు తిన్నగా నిలిచి, మోకాళ్లు ఒకదానికొకటి తగులకుండ నుండవలెను. ఱొమ్ముటెముక వంకర లేనిదై యుండవలెను. చేతితో తడిమిననే యది తెలియును. ముక్కు మీదిభాగమును క్రిందిభాగమును సరిగా కలియవలెను. పెట్టను ఇంతకంటె శ్రద్ధతో ఎన్నుకొనవలెను. పలువురు పుంజునకు వందలు వేలు పోసి, పెట్టను సంతలో దొరికినదానిని తెచ్చుదురు. పిల్లకు సగము గుణము తల్లినుండియే వచ్చునని మఱవరాదు.

శిఖవిషయమున నొక పరీక్ష కలదు. 1902లో విలియం బేట్సన్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు కోళ్ల శిఖలపై ప్రయోగములు చేసి, మెండెల్ కనుగొనిన వంశసూత్రములు జంతువులకును వర్తించునని చూపెను. బఠాణిశిఖ గుణము రంపపు పండ్లవంటి ఒంటిశిఖ గుణమును కప్పివేయును. కావున బఠాణిశిఖ గల పుంజు లోపల ఒంటిశిఖ బీజమును దాచియుండవచ్చును. అనుమానమున్నచో ఆ పుంజును ఒంటిశిఖ గల నాటుపెట్టతో కలిపి పిల్లలను చూడవలెను. ఒక్క పిల్లకైనను ఒంటిశిఖ వచ్చినచో పుంజు శుద్ధమైనది కాదు. ఎనిమిది పిల్లలును బఠాణిశిఖతోనే పుట్టినచో పుంజు శుద్ధమని నమ్మవచ్చును; మోసపోవుటకు 256లో ఒక్క పాలు మాత్రమే అవకాశముండును.

4. జతకట్టుట

అసీలు పుంజునకు అయిదాఱు పెట్టలు చాలును. అన్నాచెల్లెండ్రను జతకట్టరాదు. శక్తి గలవారు రెండు మూడు గూళ్లు వేఱువేఱుగా నుంచి, ఒక గూటిలో పుట్టిన పుంజుపిల్లను ఏటేట రెండవ గూటి పెట్టలకు విడిచినచో, బయటి రక్తము రాకుండ వంశము చాలకాలము నిలుచును.

ఇక్కడ నేను చేసిన తప్పు నొకదానిని చెప్పుట రైతులకు ఉపయోగకరము. నేను రెవెన్యూ కచ్చేరిలో భాషాంతరీకరణము చేయు ఉద్యోగిని. కోళ్లు నాకు పదవ యేటనుండి వ్యాసంగము. మా తండ్రిగారు నాకొక డేగ పెట్ట నిచ్చిరి. దానికి తగిన పుంజు దొరకినపుడు, అంతవఱకు దొడ్డిలో దానితో తిరిగిన నాటుపుంజును తీసివేసి, వారము దినములు గడచిన వెంటనే గ్రుడ్లు పొదగవేసితిని. పుట్టిన పిల్లలలో సగము నాటుపిల్లలే. పెట్ట గర్భమున పుంజు బీజము రెండు మూడు వారములు నిలిచియుండునని నాకప్పుడు తెలియదు. కావున పుంజును మార్చిన పిమ్మట మూడు వారములు గడచినగాని ఆ పెట్ట గ్రుడ్లను వంశమునకై పొదగవేయరాదు. ఒక యేడు నష్టపోయి నేర్చుకొనిన పాఠ మిది.

5. పొదుగుటయు పిల్లలును

పొదగవేయు గ్రుడ్లను ఏడు దినములకంటె ఎక్కువ నిలువయుంచరాదు. తడియిసుకతో నింపిన మట్టిపాత్రపై గోనె పఱచి, సన్నని కొన క్రిందికి వచ్చునట్లు గ్రుడ్లనుంచినచో చల్లగా నుండును. బరువైన అసీలు పెట్ట గ్రుడ్లను త్రొక్కి పగులగొట్టుట కలదు. తేలికయైన నాటుపెట్టక్రింద పది పండ్రెండు గ్రుడ్లు పెట్టుట మేలు. ఏడవనాటి రాత్రి దీపమున కడ్డముగా పట్టి చూచినచో, జీవమున్న గ్రుడ్డులో సాలెగూడువంటి నెత్తురునాళములు కనబడును. లేనివానిని తీసివేయవలెను. 21వ దినమున పిల్లలు వెలువడును.

పిల్ల పుట్టిన దినముననే గుర్తు వేయవలెను. రెండు కాళ్ల వ్రేళ్లనడుమ నుండు చర్మములు నాలుగు. వానిలో దేనికి చిన్న రంధ్రము వేసితిమో, దేనిని విడిచితిమో, దానినిబట్టి 16 విధముల గుర్తు లేర్పడును. ఒక్కొక జతకు ఒక్కొక గుర్తు నిర్ణయించి పుస్తకమున వ్రాసికొనవలెను. మగపిల్లలు మూడు నాలుగు మాసములకే కలహించుట మొదలిడును. అప్పుడు వానిని వేఱుచేయవలెను.

6. మేత

మన నేలలో పండు రాగి, సజ్జ, జొన్న, కొఱ్ఱ, నూకలు, తవుడు కోళ్లకు తగిన మేతలు. పిల్లలకు చెదలు మిక్కిలి బలకరము. చెనిక్కాయ చెక్క మంచిదే గాని, బూజుపట్టినదానిని ఎన్నటికిని పెట్టరాదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చినవి. విచారింపగా మేతలో కలిపిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజు విషమే కారణమని తేలెను. మనుష్యులు తినజాలని బూజుకాయలు కోళ్లకేమి యను మాట మన యిండ్లలో వినబడుచుండును; ఆ మాట విడువవలెను.

7. తెగుళ్లు

కొక్కెర తెగులని మనము పిలుచునది రాణిఖేత్ వ్యాధి. పచ్చని విరేచనములు, మెడ వంకరపోవుట, నోరు తెఱచి ఊపిరి పీల్చుట దీని గుర్తులు. వచ్చిన పిమ్మట మందు లేదు. రాకుండ టీకా కలదు. మొదటి వారమున లసోటా చుక్కను కంటిలోగాని ముక్కులోగాని వేయించి, పశువైద్యుని సలహా ప్రకారము మరల వేయించి, ఎనిమిదవ వారమున ఆర్-2-బి సూది వేయించవలెను. మశూచి టీకా నప్పుడే విచారించుకొనవలెను. టీకామందు చల్లదనము తప్పినచో నీటితో సమానము. మంచుగడ్డలతో తెచ్చి వెంటనే వాడవలెను.

సంతలో కొన్న కోడిని, ప్రదర్శనమునుండి తిరిగివచ్చిన కోడిని మూడు వారములు మందకు దూరముగా నుంచవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము సోకి కోళ్లు విస్తారముగా నశించినవి. అట్టి వార్త వినబడిన కాలమున కోళ్లను ఊరు దాటింపరాదు, ప్రదర్శనములకును పోరాదు.

ఈ నియమమును నేను ఒక్కసారి మీఱితిని. సంతలో చూడముచ్చటయైన పెట్ట నొకదానిని కొని, ఆ సాయంకాలమే గూటిలో విడిచితిని. పదిదినములలో గూడు ఖాళీ యయ్యెను. మా తండ్రిగారి డేగ పెట్ట సంతతి యొక్కటియు మిగులలేదు. అప్పటికి నాలుగేండ్ల క్రిందట కుప్పమువైపు నొక వృద్ధ రైతునకు ఆ వంశపు జత నొకదానిని ఊరక ఇచ్చి మఱచియుంటిని. సంగతి విని ఆయన గంప నెత్తిన బెట్టుకొని వచ్చి, రెండు పెట్టలను ఒక పుంజును నా వాకిట దింపి, “అయ్యగారూ, ఇవి మీ వంశమే. నాయొద్ద దాచిపెట్టినారనుకొనుడు” అనెను. ఆనాటినుండి ప్రతి యేట రెండు జతలను వేఱు గ్రామముల రైతులకు ఇచ్చుచున్నాను. వంశమును ఒక్క గూటిలో దాచినవాడు దానిని పోగొట్టుకొనును, పంచినవాడు నిలుపుకొనును.

8. ప్రదర్శనమునకు సిద్ధపఱచుట

మూడు వారములు ముందుగా కోడిని బోనునకు అలవాటు చేయవలెను. ప్రతి సాయంకాలము చేతులలోనికి తీసికొని, మెల్లగా దువ్వి, మరల బోనులో నుంచినచో, క్రొత్తవారు చేయిపెట్టినను బెదరదు. బెదరి మూలకు నక్కు కోడి యెంత లక్షణము గలదైనను పరీక్షకుని కంటికి నిలువదు. రెండు మూడు దినములు ముందుగా కాళ్లను, ముఖమును గోరువెచ్చని నీటితో కడిగి, పొలుసులలోని మట్టి తీసి, కొంచెము కొబ్బరినూనె రాచి తుడువవలెను. పేలు పట్టకుండ బూడిదలో పొరలనీయవలెను. ఈకలకు రంగు వేయుట, వంకర తోకను అంటించి సరిచేయుట మొదలగునవి మోసములు. బహుమానము వచ్చినను పిల్లలు నిజము చెప్పును.

ఓడిన దినమున పరీక్షకుని నిందింపక, గెలిచిన కోడియొద్ద నిలిచి తనదానితో పోల్చి చూడవలెను. ఆ యరగంట మఱుసటి యేటి జతను నిర్ణయించును.

9. చివరి మాట

ఈ వ్యాసంగమునకు ఎకరములు అక్కఱలేదు. వేకువను అరగంట, సాయంకాలము అరగంట, ఒక పుస్తకము, కొంత ఓపిక చాలును. ఏ జత, ఎన్ని గ్రుడ్లు, ఎన్ని పిల్లలు, ఏది యెందుకు చచ్చెను అని వ్రాసికొనుచు పోయిన పుస్తకము పదియేండ్లకు ఏ శాస్త్రగ్రంథమును ఇయ్యజాలని జ్ఞానమిచ్చును. ఇంటి బాలునికి ఒక పెట్టను, ఒక పుస్తకమును ఇచ్చి చూడుడు. లెక్క వ్రాయుట, ప్రాణిని దయతో చూచుట, ఫలమునకై కాచుకొనుట అను మూడును దానంతట వానికి అలవడును. మన ప్రాంతపు జాతికోడి మన మనుమల కాలమునను మన ముంగిటనే కూయునట్లు చేయుట మన చేతిలోని పని.