నులిపురుగుల మాత్రను నమలమని ఎందుకంటారు?



ఫిబ్రవరి 10, ఆగస్టు 10 దగ్గర పడి, డైరీలో నులిపురుగుల మాత్ర గురించి రాయగానే మాకు వచ్చే ప్రశ్న ఒకటే. "మేడమ్, గోలి మింగితే సాలదా, నమలాల్నా?"

నమలాలి. ఎందుకో తెలియాలంటే ఒక్క పీరియడ్ మా కెమిస్ట్రీ క్లాసులో కూర్చోండి.

ఆ మాత్రలోని మందు ఆల్బెండజోల్. దాని అణువులో ఒకదానికొకటి అతుక్కున్న రెండు వలయాలుంటాయి. పెద్దది ఆరు కార్బన్‌లది. దానికి పక్కపక్కనే రెండు నైట్రోజన్‌లు తగిలించి, వాటి మధ్య ఒక కార్బన్‌ను వంతెనలా కలిపితే ఐదింటి చిన్న వలయం మూసుకుంటుంది. ఇలా వలయంలోనే కార్బన్ కాని పరమాణువు ఉన్నవాటిని హెటిరోసైక్లిక్ సమ్మేళనాలు అంటారు. మన మందుల్లో చాలా భాగం ఈ కుటుంబానివే.

బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర కూడా అంతే. నాలుగు కార్బన్‌లు, ఎదురెదురుగా రెండు నైట్రోజన్‌లు. అది ఫైలేరియా మీద పనిచేస్తుందని 1947లో చూపింది అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్. అక్కడ పరిశోధనలు నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరును జీకే బిట్టుగా బట్టీ పట్టిస్తాం కానీ, ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చే గోలి వెనక ఉన్నది ఆయనేనని పిల్లలకు చెప్పం!

అయితే అణువు తయారైతే మందు తయారైనట్టు కాదు. పొడిలోని చిన్న స్ఫటికంలో కోటానుకోట్ల అణువులు ఒక వరుసలో సర్దుకుని ఉంటాయి. వరుస మారితే గుణం మారుతుంది. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్, వజ్రం రెండూ కార్బనే కదా! 1998లో రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందుకు ఇదే జరిగింది. అణువు అదే, కానీ అమరిక వేరైన కొత్త స్ఫటికం ఫ్యాక్టరీలో పుట్టుకొచ్చింది. అది సరిగా కరగదు. క్యాప్సూల్స్‌ను మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. రోగులు కొంతకాలం చేదు ద్రవంతోనే సరిపెట్టుకున్నారు.

లోపలి అమరికను ఎక్స్‌రేలు పంపి కనిపెడతారు. అణువులు ఎలా సర్దుకుంటాయో ముందే ఊహించి, కావలసిన స్ఫటికాన్ని కట్టే విద్యకు క్రిస్టల్ ఇంజనీరింగ్ అని పేరు. దాని మీద 1989లో వచ్చిన ప్రసిద్ధ పుస్తకం గౌతమ్ దేశిరాజు గారిది. అప్పుడు ఆయన పనిచేసింది మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే. ఇంజనీరింగ్ అంటే కంప్యూటర్లొక్కటే కాదని ఇంటర్ గ్రూపు ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇక నమలడం సంగతి. ఆల్బెండజోల్ నీళ్లలో చాలా తక్కువ కరుగుతుంది. నమిలితే పొడై పేగులో బాగా పరుచుకుంటుంది, పురుగులకు గ్లూకోజ్ అందకుండా చేస్తుంది. చిన్నపిల్లల గొంతులో అడ్డం పడే భయమూ ఉండదు. ఆ రోజు పిల్లకు జ్వరంగా ఉంటే మాత్రం మాకు ముందే చెప్పండి, తర్వాత వేయిస్తాం.

ఆదివారం ఇంట్లో ఒక పని చేయించండి. చక్కెర అణువులోనూ రెండు వలయాలుంటాయి, వాటిలో ఆక్సిజన్ కూర్చుని ఉంటుంది. ఒక గ్లాసు వేడినీళ్లలో రెండు గ్లాసులకు పైగా చక్కెర కరిగించి (పొయ్యి దగ్గర మీరే ఉండండి), దారం వేలాడదీసి, కదపకుండా వారం ఉంచండి. పటికబెల్లం పలుకులు కడతాయి. చీమలు పట్టకుండా గ్లాసును నీళ్ల పళ్లెంలో పెట్టండి.