300 గజాల మడి, పాతికేళ్ల మార్ట్‌గేజ్: బ్రిటన్‌లోని తెలుగు ఇళ్లకు 15 చిట్కాలు

రీడింగ్‌లోనో, మిల్టన్ కీన్స్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో కొందరికి రెండు బాధ్యతలు ఒకేసారి నెత్తిన పడతాయి. ఒకటి పాతికేళ్లో ముప్పై ఏళ్లో సాగే మార్ట్‌గేజ్. రెండోది అలాట్‌మెంట్: కౌన్సిల్‌కు ఏటా అద్దె కట్టి కూరగాయలు పండించుకునే తోటముక్క. ఇంట్లో పండిన కూరలతో ఖర్చు తగ్గుతుంది, ఆ మిగులుతో అప్పు త్వరగా తీరుతుంది అని చాలామంది లెక్క వేసుకుంటారు.

లెక్క మంచిదే, కానీ రెండు షరతులున్నాయి. తోట ఖర్చు తోట ఫలసాయాన్ని మించకూడదు. మిగిలిన డబ్బు అప్పులోకే వెళ్లాలి. కరెంట్ అకౌంట్‌లో పడి ఉన్న మిగులు మిగులు కాదు, వచ్చే వారం టేక్‌అవేకి అడ్వాన్సు.

1. ముందు ఒప్పందం చదవండి
ఇక్కడ ఎక్కువమంది తీసుకునేది రెండేళ్ల లేదా ఐదేళ్ల ఫిక్స్‌డ్ రేటు. ఆ కాలంలో ఏడాదికి, మిగిలిన అప్పులో 10 శాతం దాకా అదనంగా కట్టనిస్తాయి చాలా బ్యాంకులు. దాటితే జరిమానా పడుతుంది. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య "బోనస్ రాగానే కట్టేశా, పైసా ఫైన్ పడలేదు" అంటే అది అక్కడి మాట. ఫ్లోటింగ్ రేటు గృహరుణం ముందే తీర్చే వ్యక్తులపై జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఇక్కడ మీ పరిమితి ఎంతో, ఆ ఏడాది ఏ నెలలో మొదలవుతుందో బ్యాంకునే అడిగి రాసిపెట్టుకోండి.

2. నెలకు వంద పౌండ్ల సత్తా తెలుసుకోండి
2 లక్షల పౌండ్ల అప్పు, 4.5 శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 1,112 పౌండ్లు. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 362 మాత్రమే. రేటు మారదనుకుని నెలనెలా మరో 100 కలిపి కడితే అప్పు మూడున్నరేళ్లు ముందే తీరుతుంది. వడ్డీలో దాదాపు 21 వేల పౌండ్లు మిగులుతాయి. అసలు ఎక్కువగా ఉన్న తొలి ఏళ్లలో కట్టిన పౌండు ఎక్కువ కాలం వడ్డీని ఆపుతుంది కాబట్టి, వంద కుదరకపోతే ముప్పైతోనైనా ఇప్పుడే మొదలుపెట్టండి.

3. వాయిదా కాదు, గడువు తగ్గించమనండి
అదనంగా కట్టినప్పుడు కొన్ని బ్యాంకులు గడువు అలాగే ఉంచి నెల వాయిదాను కాస్త తగ్గిస్తాయి. తగ్గిన ఆ పాతికో ముప్పయ్యో ఖర్చుల్లో కలిసిపోతుంది. వాయిదా పాత మొత్తంలోనే ఉండాలని, లేదా గడువు తగ్గాలని రాతపూర్వకంగా కోరండి.

4. ఫిక్స్ ముగిసే తేదీకి ఆరు నెలల ముందే మేలుకోండి
బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2020 మార్చిలో 0.1 శాతం. 2023 ఆగస్టుకు 5.25 శాతం. ఈ మధ్యలో ఫిక్స్ ముగిసినవాళ్ల వాయిదా ఎంత పెరిగిందో వాళ్లనే అడగండి. పట్టించుకోకుండా వదిలేస్తే అప్పు బ్యాంకు సొంత స్టాండర్డ్ వేరియబుల్ రేటుకు మారిపోతుంది, అది సాధారణంగా కొత్త ఫిక్స్‌డ్ రేట్లకంటే ఎక్కువే. చాలా బ్యాంకుల్లో కొత్త రేటును ఆరు నెలల ముందే పట్టి ఉంచుకోవచ్చు. పాత డీల్ ముగిసేలోగా రేట్లు తగ్గితే మార్చుకునే వీలుందా అని కూడా అడగండి.

5. ట్యాక్స్ మినహాయింపు కోసం అప్పు ఉంచుకోవద్దు
ఇండియాలో పాత పన్ను విధానంలో సొంత ఇంటి రుణవడ్డీకి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంది కాబట్టి "లోన్ ఉండనీ" అనే మాట మనకు అలవాటు. బ్రిటన్‌లో సొంతంగా ఉండే ఇంటి వడ్డీపై అలాంటి ఊరట 2000 ఏప్రిల్‌తోనే పోయింది. పైగా సేవింగ్స్ వడ్డీ మీద పన్ను ఉంది: బేసిక్ రేటు వారికి ఏడాదికి 1,000 పౌండ్లు, హయ్యర్ రేటు వారికి 500 దాటితే. పన్ను పోను చేతికొచ్చే వడ్డీని మార్ట్‌గేజ్ రేటుతో పోల్చి, ఏది ఎక్కువైతే డబ్బు అటు పంపండి. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే మాత్రం ముందు అదే తీర్చాలి. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకోవడం ఈ లెక్కలన్నిటికంటే ముందు.

6. ఇల్లు మారిన వారమే వెయిటింగ్ లిస్టులో చేరండి
అలాట్‌మెంట్‌కు ఇల్లు సొంతమై ఉండనక్కర్లేదు, ఆ కౌన్సిల్ పరిధిలో నివాసముంటే సాధారణంగా చాలు. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఆగాలి కాబట్టి, అనుమతిస్తే ఒకటికి మించిన సైట్లలో పేరివ్వండి. పూర్తి ప్లాటు సంప్రదాయ కొలత 10 రాడ్‌లు, సుమారు 250 చదరపు మీటర్లు. మన కొలతలో 300 గజాలు! హైదరాబాద్‌లో అయితే ఇల్లు కట్టుకునే స్థలం. ఇద్దరూ ఉద్యోగస్తులైతే సగం ప్లాటు అడగండి. సాగు చేయకుండా వదిలేస్తే కౌన్సిల్ నోటీసు ఇస్తుంది, ఆపైన ప్లాటు వెనక్కి తీసుకుంటుంది. ఇంగ్లండ్‌లో మీ ఊళ్లో అలాట్‌మెంట్లే లేవా? ఆరుగురు ఓటర్లో కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవారో కలిసి రాసిస్తే, 1908 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆ కోరికను పరిశీలించాలి.

7. మొదటి ఏడాది కొనుగోళ్లకు తాళం
తోట ఆదాను మింగేది విత్తనాల ఖర్చు కాదు, గార్డెన్ సెంటర్ ట్రాలీ. పార, నాలుగు పళ్ల ఫోర్క్, చిన్న గొప్పు, నీళ్ల క్యాన్ ఉంటే చాలు. షెడ్లు, వాననీటి పీపాలు, కుండీలు ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఉచితంగా ఇచ్చేస్తుంటారు. ప్లాటంతా ఒక్కసారే తవ్వకండి. సగం మీద టేపులు పీకేసిన అట్టపెట్టెలు పరిచి, పైన కంపోస్టు వేసి ఉంచితే చాలావరకు గడ్డి చచ్చిపోతుంది. మిగతా సగంలో విత్తుకోండి.

8. షాపులో ఖరీదైనవే పండించండి
ఉల్లిగడ్డ, బంగాళాదుంప బస్తాల్లో చవగ్గా దొరుకుతాయి. కట్టలు కట్టలుగా కొంటూ సగం ఫ్రిజ్‌లో కుళ్లబెట్టేవి ఆకుకూరలే. మెంతికూర, పాలకూర, కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి మీద మీ శ్రమ పెట్టండి. కొత్తిమీర ఎండాకాలంలో త్వరగా పూతకొస్తుంది, అందుకని మూడు వారాలకోసారి ఒక వరుస చొప్పున చల్లండి. ఆగస్టు చివర చల్లినది ఎక్కువ రోజులు నిలుస్తుంది. పుదీనాను కుండీలోనే ఉంచండి, నేలలో నాటితే పక్క ప్లాటాయన కూడా పంచుకోవాల్సి వస్తుంది.

9. గోంగూరకు గాజు కప్పు, లేకుంటే ప్రత్యామ్నాయం
గోంగూరకు వేడి కావాలి. ఏప్రిల్ చివర ఇంట్లో కిటికీ దగ్గర మొలకెత్తించి, జూన్‌లో పాలీటన్నెల్‌లోనో గ్రీన్‌హౌస్‌లోనో నాటితే ఆకు చేతికొస్తుంది. ఆ వసతి లేకపోతే పులుపుకు మరో దారుంది. సోరెల్ మన చుక్కకూర కుటుంబానిదే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు, పప్పులో అచ్చం సరిపోతుంది. రూబార్బ్ కాడలతో పప్పూ పచ్చడీ రెండూ కుదురుతాయి. దాని ఆకులు మాత్రం విషం, పిల్లలకు గట్టిగా చెప్పండి. నాటిన ఏడాది కాడలు కోయకుండా ఉంటే దుబ్బు బలపడుతుంది.

10. విత్తనాలు సూట్‌కేస్‌లో తేకండి
అమ్మ పొట్లం కట్టి ఇచ్చినా సరే. నాటడానికి బ్రిటన్‌లోకి తెచ్చే విత్తనాలకు సాధారణంగా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. గోంగూర, తోటకూర, సొర విత్తనాలు ఇక్కడి విత్తన కంపెనీలే అమ్ముతున్నాయి. ఒక ప్యాకెట్‌ను నాలుగు ఇళ్లు పంచుకుంటే ఖర్చు పెన్నీల్లోకి దిగుతుంది.

11. అదను తప్పకండి
మిర్చి విత్తనాలు ఫిబ్రవరిలో ఇంట్లో. ఉల్లి నాట్లు మార్చి, ఏప్రిల్‌లలో. టమాటా, కోర్జెట్, గుమ్మడి నారు బయట పెట్టేది చివరి మంచు దాటాకే: దక్షిణాన మే మధ్య తర్వాత, ఉత్తరాన జూన్ మొదటికి. తోటకూర జూన్‌లో నేరుగా చల్లండి. వెల్లుల్లి, బ్రాడ్ బీన్స్ అక్టోబర్, నవంబర్‌లలో. మే చివరి హాఫ్‌టర్మ్ నాట్ల సమయానికే వస్తుంది, పిల్లలకు ఖర్చులేని వారం గడుస్తుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక వారానికి రెండు సాయంత్రాలు వెళ్తే కలుపు అదుపులో ఉంటుంది.

12. ఉచిత ఎరువును పరీక్షించాకే వాడండి
గుర్రపుశాలల వాళ్లు పేడ ఎరువు ఊరికే ఇస్తారు. కానీ పచ్చికబయళ్లలో కొట్టే అమినోపైరాలిడ్ అనే కలుపుమందు గుర్రం కడుపులోంచి పేడలోకి చేరి, టమాటా, చిక్కుడు జాతుల ఆకుల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. ఒక కుండీలో ఆ ఎరువు కలిపి నాలుగు బ్రాడ్ బీన్ గింజలు వేయండి. ఆకులు వంకర తిరగకుండా వస్తేనే మడిలో చల్లండి.

13. తెగులు రాకముందే పచ్చి టమాటాలు కోయండి
వానలు పడే వెచ్చని ఆగస్టులో బ్లైట్ తెగులు టమాటాను, బంగాళాదుంపను వారంలో నేలమట్టం చేస్తుంది. కాండం మీద గోధుమరంగు మచ్చ కనబడగానే మచ్చలేని కాయలన్నీ కోసేయండి. ఇక్కడివాళ్లు చట్నీ వండుకుంటారు, మనకు పచ్చి టమాటా పప్పు, రోటి పచ్చడి ఉన్నాయి. బంగాళాదుంపకైతే పైనున్న తీగ కోసి తీసేసి, రెండు మూడు వారాలాగి దుంపలు తవ్వండి.

14. దిగుబడి ముంచెత్తే నెలకు ముందే సిద్ధపడండి
కోర్జెట్ మొక్కలు రెండే నాటండి. జులైలో ఆ రెండే ఇంటిల్లిపాదికీ విసుగు పుట్టిస్తాయి. గోంగూరను కాస్త నూనెలో మగ్గించి, కొత్తిమీరను పచ్చిమిర్చితో నూరి ఐస్ ట్రేలలో గడ్డకట్టించండి. మెంతాకు నీడలో ఎండబెట్టుకోండి. గుమ్మడికాయలు తొడిమతో కోసి, తొక్క గట్టిపడనిచ్చి చల్లని పొడిగదిలో పెడితే చలికాలం మధ్యదాకా ఉంటాయి. అలాట్‌మెంట్ ఉన్నది కుటుంబ వాడకానికి, వ్యాపారానికి కాదు. మిగిలినవి పక్కవాళ్లకిస్తే వాళ్ల బీన్స్ మీ సంచిలోకి వస్తాయి.

15. ఫిబ్రవరి, మార్చి నెలల్లో లెక్క తేల్చండి
కౌన్సిల్ ట్యాక్స్ మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరిదాకా పది వాయిదాల్లో పోతుంది. తర్వాతి రెండు నెలలూ ఆ డైరెక్ట్ డెబిట్ ఉండదు. ఆ డబ్బును ఖర్చు కానివ్వకుండా మార్ట్‌గేజ్‌కు పంపండి. అదే సమయంలో తోట లెక్క కూడా చూడండి: అద్దె, విత్తనాలు, కంపోస్టు, పెట్రోలు ఒకవైపు, నిజంగా కొనకుండా మానేసిన కూరల ధర మరోవైపు. ఎన్నడూ కొని ఎరగని కేల్‌కు షాపు ధర కట్టి ఆదాలో వేసుకోకండి.

తేలిన మిగులు అదే రోజు అప్పులో జమ చేయండి. ఉద్యోగం ఊగిసలాడుతున్న ఏడాదైతే ఆపి, అత్యవసర నిధిలో వేయండి. వాయిదా తప్పే సూచన కనబడితే తప్పకముందే బ్యాంకుకు ఫోన్ చేయండి. 2023లో కుదిరిన మార్ట్‌గేజ్ చార్టర్‌లో చేరిన బ్యాంకులు, అప్పటిదాకా సక్రమంగా కట్టినవారికి ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టే వెసులుబాటు పెట్టాయి.

తోటలో నష్టమే తేలిందా? దాన్ని మానేయనక్కర్లేదు. జిమ్ ఫీజు, సినిమా టికెట్లు రాసే వరుసలో రాసుకోండి. సరదాను ఆదా అని పిలవనంత కాలం అది మార్ట్‌గేజ్‌కు అడ్డురాదు.