మజిలీల లెక్క
(కనుమ దారిన చక్రాల ఇంట ప్రయాణము – ఒక పరిశీలన)

‘మజిలీ’ అను మాట తెలియని తెలుగువారుండరు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీ మజిలీ కథలు’ ఇంటింట చదువబడిన గ్రంథము. అందు మణిసిద్ధుడను యతి, గోపకుమారుని వెంటబెట్టుకొని కాశికి పోవుచు, దిగిన చోటనెల్ల ఒక కథ చెప్పును. ఈ మజిలీయే ఉర్దూలోని ‘మంజిల్’. ‘దిగుట’ అను అర్థము గల అరబ్బీ ధాతువు నుండి పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన నోట ఇట్లు స్థిరపడినది. సవారి, సామాను, సరంజామా మొదలైనవన్నియు ఆ దారిన వచ్చిన మాటలే. మనము బిడారు అనుదానిని ఫారసీలో ‘కార్వాన్’ అందురు. హైదరాబాదులో ఆ పేరుతో ఒక పేట నేటికిని కలదు. ఆ మాటయే ఐరోపాకు పోయి ‘క్యారవాన్’ అయినది. ఇంగ్లీషువారి నోట తల తెగి, తోక మిగిలి ‘వ్యాన్’ అయినది.

పడక, పొయ్యి, నీటితొట్టి అమర్చిన మోటారు బండిని నేడు క్యారవాన్ అనియు, మోటారు ఇల్లనియు వ్యవహరించుచున్నారు. అట్టి బండిలో కుటుంబముతో కొండ కనుమలు దాటి, జాతీయ ఉద్యానవనములను చూచి రావలెనన్న కోరిక మన ప్రాంతపు యువకులలోను కనిపించుచున్నది. కోరిక మంచిదే. అయితే ఆ ప్రయాణమునకు లెక్క ఎట్లు వేయవలెను? ఈ వ్యాసమునకు విషయమిదియే.

ఒక అనుభవము

కొన్నేండ్ల క్రిందట నందిగామ నుండి ఒక బస్సులో ముప్పది మందిమి శ్రీశైలము ఆనకట్ట చూడ బయలుదేరితిమి. పథకము వేసినవాడను నేనే. పటము చూచి, కిలోమీటర్లు కూడి, గంటకు ఇన్ని చొప్పున భాగించి, మధ్యాహ్నము మూడు గంటలకు బయలుదేరినను చాలునని తేల్చితిని. వినుకొండ, మార్కాపురముల మీదుగా దోర్నాల చేరునప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అయినది. నల్లమల అడవి దారిని రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఆరు వరకు మూసివేయుదురు. గేటు దించి ఉన్నది. బస్సులో తాగునీరు అప్పటికే అయిపోయినది. మాతో వచ్చిన ఒక వృద్ధ ఉపాధ్యాయునికి మధుమేహము. వేళకు ఆహారము లేక ఆయన చేతులు వణకసాగినవి. గేటు వద్ద ఉన్న కాపలాదారు తన అన్నపు డబ్బా తెచ్చి ఆయనకిచ్చి, “పగలు రోడ్డు మనది సార్, రాత్రి వాటిది” అని మాత్రమనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను దూరమును లెక్కించితిని గాని ద్వారము మూయు వేళను లెక్కించలేదు.

వీరాస్వామయ్య గారి పద్ధతి

ఈ లెక్కను నూట తొంబది ఏండ్లకు పూర్వమే చక్కగా ఎరిగినవారు ఏనుగుల వీరాస్వామయ్య గారు. చెన్నపట్నపు సుప్రీముకోర్టులో దుబాసిగా పనిచేసిన ఆయన 1830 మే 18న సుమారు నూరుమంది పరివారముతో బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదు, నిర్మల, నాగపూరు, జబ్బల్‌పూరుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. పల్లకీలు, డేరాలు, వంట సామగ్రి, కావడివాండ్రు, అన్నియు వెంట నడచినవి. కాలినడకన సాగిన ఇల్లది. మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి ఆయన వ్రాసిన లేఖలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడినవి.

ఆ గ్రంథమును భాషకొరకు, చరిత్రకొరకు మనము చదువుదుము. ప్రయాణ శాస్త్రముగా గూడ చదువదగును. ఊరు చెప్పినచోట ఎన్ని ఆమడల దూరమో చెప్పి ఊరకుండక, నీరు ఎట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా, ముందరి దారి రాయా, రేగడా, అడవియా అని ఆయన విచారించిరి. రేపటి దారిని నేటి మజిలీలోనే అడిగి తెలిసికొనుట ఆ పద్ధతి.

ఋతువు, నీరు, బరువు

వానకాలపు దారిని గురించి మనకు వేరుగా చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ సమీపమున ఐతవరము వద్ద జాతీయ రహదారి నీట మునిగినప్పుడు హైదరాబాదు–విజయవాడ రాకపోకలు నిలిచిపోయినవి. సమతల భూమిపైననే ఇట్లుండ, కనుమల సంగతి చెప్పవలెనా?

నీటి లెక్క సులభము. నలుగురికి, తలకు రోజుకు ఇరువదియైదు లీటర్ల చొప్పున నూరు లీటర్లు; అనగా నూరు కిలోల బరువు. రెండు రోజుల నీరు రెండు వందల కిలోలు. కనుమపై నీరెక్కడ దొరకునో తెలిసినవాడు తేలికగా ఎక్కును; తెలియనివాడు తొట్టి నిండ మోసికొని ఎక్కును.

దిగునప్పుడే ప్రమాదము హెచ్చు. ఎడతెగక బ్రేకు నొక్కినచో అది వేడెక్కి పట్టు సడలును. ఏ గేరులో ఎక్కవలసివచ్చునో ఆ గేరులోనే దిగవలెనని మన జగ్గయ్యపేట లారీ డ్రైవర్లు చెప్పుదురు. డీజిలు ఆదా అగునని న్యూట్రల్‌లో దిగుట ప్రాణాంతకము. ఇరుకు కొండదారిలో ఎదురుపడినప్పుడు ఎక్కుచున్న బండికి దారి ఇవ్వవలెనని రహదారి నియమములే చెప్పుచున్నవి.

ఒక మచ్చు ప్రణాళిక

వీరాస్వామయ్య గారు నడచిన హైదరాబాదు–నాగపూరు దిక్కుననే నేడు 44వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. దాని మీదుగా జగ్గయ్యపేట నుండి పెంచ్ జాతీయ ఉద్యానవనమునకు సుమారు 780 కిలోమీటర్లు. లెక్కను ఇంటి నుండి ముందుకు గాక, ఉద్యానవన ద్వారము నుండి వెనుకకు వేయుదము.

పెంచ్ లోపలి అడవిని జూలై 1 నుండి సెప్టెంబరు 30 వరకు సందర్శకులకు మూసివేయుదురు. కావున దసరా సెలవులు అనుకూలము. అయితే ఆ దినములలో రద్దీ హెచ్చు. ప్రవేశపు అనుమతి ముందుగా సంపాదించి, పిదపనే తేదీ నిర్ణయింపవలెను. మోటారు ఇంటితో లోనికి పోరాదు. అచట నమోదైన జీపులో, మార్గదర్శితో పోవలెను. ఉదయపు ప్రవేశము కావలెనన్న ముందటి దినము మధ్యాహ్నమునకే తురియా ద్వారము చేరవలెను. అట్లు చేరుటకు అంతకు ముందు రాత్రి హింగన్‌ఘాట్ మజిలీ. దానికి ముందు నిర్మల్. ఏలయన, నిర్మల్ దాటగనే మహబూబ్ ఘాట్ కనుమ. దానిని తెల్లవారిన పిదప, విశ్రాంతి పొందిన డ్రైవరు, చల్లని ఇంజనుతో ఎక్కవలెను. నిర్మల్‌కు ముందు మేడ్చల్. హైదరాబాదు నగరములో చొరబడక బాహ్య వలయ రహదారిపై అచటికి చేరవచ్చును. ఇట్లు నాలుగు దినములు, దినమునకు ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు. ఏ రాత్రియు అడవిలో చక్రము తిరుగదు.

అడవి వారి దారి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయ ఉద్యానవనమున పశువులను మేపరాదు, నిప్పు పెట్టరాదు, అనుమతి లేక ప్రవేశింపరాదు. కావున చక్రాల ఇంటి పొయ్యి ద్వారము వెలుపలనే ఆరవలెను.

ఇంకొక్క విషయము. నాగపూరు దాటిన పిదప ఈ రహదారి పెంచ్ అడవిని చీల్చుకొని పోవును. దానిని వెడల్పు చేసినప్పుడు, మహారాష్ట్ర భాగమున జంతువులు రోడ్డు క్రిందుగా దాటుటకు తొమ్మిది కట్టడములు నిర్మించిరి. వానిలో పెద్దది 750 మీటర్ల పొడవు గలది. పులులు సైతము వాని క్రిందుగా దాటుచున్నట్లు అచట అమర్చిన కెమెరాలలో తెలియవచ్చినది. మనకు మజిలీలున్నట్లే వానికిని నీటి మడుగుల నుండి మేత భూములకు తరతరాల దారులున్నవి. మన దారి గీయునప్పుడు వాని దారిని గూడ గీయుట నాగరికత.

విద్యార్థులారా! నేటి ఫోనులు కిలోమీటర్లను, నిమిషములను క్షణములో చెప్పును. గేటు ఏ వేళకు మూయుదురో, ఏటిలో నీరెంతయున్నదో, వృద్ధునికి అన్నమెచ్చట దొరకునో మాత్రము మనమే అడిగి తెలిసికొనవలెను. ఈ సెలవులలో ఒక కాగితముపై మీరు చూడగోరు చోటును చివర వ్రాసి, అచటి నుండి ఒక్కొక్క మజిలీ వెనుకకు వచ్చి మీ ఇల్లు చేరుడు. ప్రతి మజిలీ ప్రక్కన నీరు, చోటు, వేళ అని మూడు గడులుంచుడు. గడి ఖాళీగా ఉన్నచో ఇంకను బయలుదేరకుడు. ఆ రాత్రి దోర్నాల గేటు ముందు నేను నేర్చిన పాఠమింతియే.