బాలురకు పద్యరుచి కలిగించు విధము

పాఠశాలలలో పద్యము బోధింపబడు తీరు చాలచోట్ల నొక్కటియే. ఉపాధ్యాయుడు పద్యమును చదివి, ప్రతిపదార్థమును తాత్పర్యమును వ్రాయించును. బాలుడు వానిని వల్లించి పరీక్షలో అప్పగించును. పరీక్ష ముగిసిన కొలది దినములకే పద్యమును, తాత్పర్యమును గూడ మరచిపోవును. మార్కులకు లోటుండదు, కాని పద్యమన్నంతనే విముఖత మాత్రము మిగులును. ఈ నష్టము స్వల్పమైనది కాదు. పెద్దవాడై కష్టములలో చిక్కినపుడు తోడు నిలువవలసిన పద్యము బాల్యముననే అతనికి పరాయిదగుచున్నది.

దీనికి కారణము బాలుని మందబుద్ధియు గాదు, పద్యముయొక్క కాఠిన్యమును గాదు. క్రమము తారుమారగుటయే కారణము. పద్యము మొదట చెవికి, పిమ్మట నాలుకకు, ఆ పిమ్మట బుద్ధికి చేరవలసినది. వేమన పద్యములను 1829లో బ్రౌను దొర అచ్చువేయించుటకు పూర్వమే, అక్షరములెరుగని వారు సైతము వానిని సమయోచితముగా చెప్పుచుండిరి. చెవిద్వారమున వచ్చినవి గనుకనే అవి వారియందు నిలిచినవి. తరగతిలోను ఈ క్రమమునే పాటించుట యుక్తము. అందులకు అనుకూలమగు నాలుగు అభ్యాసములు ఇచట వివరింపబడుచున్నవి.

మొదటిది వస్తుపరిచయము. వేమన ఉప్పును, కర్పూరమును పోల్చి చెప్పిన పద్యము కలదు గదా! దానిని చెప్పుటకు ముందు ఉపాధ్యాయుడు రెండు ఆకులలో ఆ రెండింటిని పొడిచేసి తెచ్చి బల్లపై నుంచవలెను. రెండును తెల్లనివే, దూరమునుండి ఏది యేదియో తెలియదు. బాలురు దగ్గరకు వచ్చి వాసన చూచి కనుగొందురు. (కర్పూరమును నోట నుంచుకొనరాదని ముందే హెచ్చరింపవలెను.) “ఇట్లే చూపున కొక్కరీతిగానుండి, గుణమున వేరైనవి మరేమి కలవు?” అని యడిగినచో, ఒకడు పాలను, సున్నపునీటిని చెప్పును, వేరొకడు కోకిలను, కాకిని చెప్పును. అప్పుడు పుస్తకములు మూయించి పద్యమును రాగయుక్తముగా రెండు పర్యాయములు వినిపింపవలెను. మనుష్యులయందలి భేదమును గూర్చి కవి యేమనెనో ఎవరును విప్పి చెప్పకయే బాలురు గ్రహింతురు. తాత్పర్యము వారు కనుగొన్నదగును గాని వ్రాసికొన్నది కాదు.

రెండవది తాళము. ఆటవెలదియొక్క రెండవ, నాల్గవ పాదములయందు ఐదేసి సూర్యగణములుండును. సూర్యగణములు రెండే విధములు: మూడు లఘువులు, లేదా గురువు తరువాత లఘువు. ఏదియైనను మూడు మాత్రలే. బాలురకు ఈ పేర్లు మొదట అక్కరలేదు. “పలక” అన్నపుడు చేతితో మూడు దెబ్బలు వేయవలెను. “బండి” అన్నపుడు ఒక దీర్ఘమైన దెబ్బ, ఒక పొట్టి దెబ్బ వేయవలెను. ఇంత తెలిసిన చాలును. తరగతి యంతయు తాళము వేయుచు పద్యము చెప్పినచో నడక శరీరమునకే పట్టుబడును. గణముల పేర్లను పిదప చెప్పినను భారమనిపింపవు.

మూడవది అభినయము. పోతన భాగవతము అష్టమస్కంధమందలి గజేంద్రమోక్షమున, ఏనుగును మొసలి మడుగులోనికి, మొసలిని ఏనుగు గట్టునకు లాగుట నొక కందపద్యము వర్ణించుచున్నది. ఏనుగు, మొసలి అను నర్థములుగల రెండు మాటలే అందు మాటిమాటికి స్థానములు మార్చుకొనుచు వచ్చును. బాలురను రెండు జట్లుగా విభజించి, ఒక తాడునిచ్చి, ఆ పద్యమును చెప్పుచు లాగుడనవలెను. కవి ఆ మాటలనే ఏల మరల మరల వాడెనో అప్పుడు వారి చేతులకే తెలియును. తరువాత తాడు విడిపించి, అందరిని నిశ్శబ్దముగా కూర్చుండబెట్టి, బలము ఉడిగిన గజేంద్రుని మొరను ఒక్క బాలునిచేత చెప్పింపవలెను. సందడి తరువాతి ఆ నిశ్శబ్దమున శరణాగతి యననేమో వారి కొకింత స్ఫురించును. శాంతినికేతనమున 1901లో పాఠశాలను స్థాపించిన రవీంద్రనాథ ఠాకూరు, తన విద్యార్థులు అభినయించుటకై 1908లో శారదోత్సవమను నాటకమును రచించెను. శరదృతువును గూర్చిన పాటలు ఆ బాలురకు పాఠముగా గాక పండుగగా లభించినవి.

నాల్గవది రచన. తాళము పట్టుబడిన బాలురను తమకు తెలిసిన జంతువుల పేర్లతో ఒక పాదము కూర్చుమనవలెను. “చిలుక, కోతి, మేక, జింక, యెలుక” అని యెవరైన చెప్పినచో, అది ఆటవెలదియందలి రెండవ పాదమునకు సరిపోవును. మొదటి అక్షరమగు “చి”కి, నాల్గవ గణమున మొదటిదగు “జిం”కును యతిమైత్రియు కుదిరినది. అందు గొప్ప యర్థమేమియు లేకపోవచ్చును. కాని పద్యమనగా పూర్వులు మాత్రమే చేయదగినదను భయము తొలగును. ఇట్టి రచనలకు మార్కులు వేయరాదు, తప్పులకు నవ్వరాదు. ఒక్కసారి నవ్వులపాలైన బాలుడు మరల నోరు విప్పుట దుర్లభము.

“ఇట్లు ఆటలాడించినచో పాఠములెప్పుడు పూర్తియగును? కంఠస్థము చేయుట మాటేమి?” అని కొంద రడుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. కంఠస్థము చేయుట విడువదగినది కాదు. పూర్వపు వీధిబడులయందు శతకములను నోటికి నేర్చినవారు వృద్ధాప్యమునను వానిని తడుముకొనక చెప్పగలిగిరి. అయితే ఆ బడులలో బెత్తమునకు వెరచి నేర్చినవారును కలరు. నేర్చిన పద్యముతో బాటు ఆ భయమును గూడ వారు మోసికొనిపోయిరి. భయము లేకయే ఆ ధారణను సంపాదింపవచ్చును. తాళము వేసి, తాడు లాగి, తాను గూడ ఒక పాదము కూర్చిన బాలుడు ఆ పద్యమును అంతకుముందే పలుమార్లు చెప్పియుండును. అతనిని వల్లింపుమని నిర్బంధింప నక్కరలేదు.

ఇందులకు వలయు సామగ్రి స్వల్పము: చిటికెడు ఉప్పు, కర్పూరపు బిళ్ల, ఒక తాడు. కాని ఉపాధ్యాయునకు ఆ పద్యమునందు నిజమైన ప్రీతి యుండవలెను. అది లేనిచో ఈ యభ్యాసములును మరియొక చాకిరి యగును. కావున వారమున కొక్క పద్యమునే తీసికొని, దానిని ముందు తాను ఏకాంతమున నోరార చదువుకొని, తనకు నచ్చిన పిదపనే తరగతికి కొనిపోవుట మేలు. తల్లిదండ్రులును ఇంట “నేడెన్ని మార్కులు వచ్చినవి?” అని యడుగుటకు ముందు, “నేడు విన్న పద్యమేది? ఒకసారి చెప్పుము” అని యడిగి, చివరివరకు వినినచో ఉపాధ్యాయుని కృషికి అదియే తోడ్పాటు.