చన్ను గొట్టం శుద్ధికి ప్రెషర్ కుక్కర్

గేదె చన్ను చివర గాయమై పాలు దిగనప్పుడు పశువైద్యులు టీట్ సైఫన్ అనే సన్నని లోహపు గొట్టం పెట్టి పాలు తీయిస్తారు. ఆ గొట్టాన్నే కొందరు చూరులో చెక్కి ఉంచి, అవసరం పడ్డప్పుడు దులిపి వాడతారు. గడ్డిపరక దూర్చేవారూ లేకపోలేదు. చన్ను రంధ్రం మామూలుగా మూసుకుని ఉండి క్రిములను అడ్డుకుంటుంది. మురికి గొట్టం వాటిని నేరుగా పొదుగులోకి చేరవేస్తుంది. పొదుగువాపు ముదిరితే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. అప్పుడు ఈ ఈతకే కాదు, రాబోయే ఈతలకూ నష్టమే.

"నీళ్ళలో మరిగించాం గదా!" అంటారు. మరిగించడం మంచిదే. 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చాలా క్రిములు చస్తాయి. కాని ధనుర్వాతం, దొమ్మరోగం కలిగించే క్రిములు గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజాలుగా బతుకుతాయి. వాటి విషయంలో మరిగే నీటిని నమ్మలేము. చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడిలో ఆవిరి వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి అవీ చస్తాయి. ఫ్రాన్సులో పాశ్చర్ వద్ద పనిచేసిన చాంబర్లాండ్ 1879లో ఆటోక్లేవ్ యంత్రాన్ని ఈ సూత్రం మీదనే తయారుచేశాడు. మన కుక్కరు దానికి చిన్న తమ్ముడు.

గొట్టాన్ని ముందు సబ్బునీటితో లోపలా బయటా కడగాలి. పాలజిడ్డు అంటి ఉంటే ఆవిరి క్రిమికి తగలదు. శుభ్రమైన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, నీటికి అందకుండా స్టాండు మీద పెట్టాలి. దూడ బొడ్డు కోసే కత్తెర, కట్టే దారం కూడా ఇలాగే పెట్టవచ్చు. అరగంటకు పైగా సరిపడే నీరు పోయండి. మూత బిగించాక వెంటనే వెయిట్ పెట్టవద్దు. ఆవిరి ధారగా 5 నిమిషాలు బయటికి పోవాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. లోపల గాలి మిగిలితే ఒత్తిడి ఉన్నా వేడి చాలదు. ఆ తర్వాత వెయిట్ పెట్టి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, అప్పుడప్పుడు విజిల్ వచ్చేలా 30 నిమిషాలు ఉంచండి. పప్పుకు లెక్కపెట్టినట్లు విజిల్స్ కాదు, గడియారం చూడాలి.

ఒత్తిడి తనంతట దిగాకే మూత తీయాలి. తడిగుడ్డ గుండా క్రిములు సులువుగా చొరబడతాయి కనుక కట్ట ఆరకపోతే అప్పటికప్పుడే వాడాలి. పశువుల సామానుకు పాత కుక్కరొకటి వేరుగా ఉంచుకోండి. ప్లాస్టిక్ సిరంజీలు ఒక్కసారి వాడి పారవేయవలసినవి. వాటిని ఉడికించి మళ్ళీ వాడకూడదు. గాజు థర్మామీటరు వేడికి పగులుతుంది, దాన్ని చన్నీళ్ళతో కడిగి స్పిరిట్‌తో తుడిస్తే చాలు.

గొట్టం పెట్టే పని పశువైద్యులదే. ఆ లోగా మీరు చేతులు కడుక్కుని, చన్ను చివరను స్పిరిట్ దూదితో తుడిచి సిద్ధంగా ఉంచండి. కట్టను వారి చేతికి అందేదాకా విప్పకండి.